బడితోటకు వేసవి సెలవుల్లేవు

రాయవేలూరులో మే నెల మధ్యాహ్నం ఎవరైనా వచ్చి "పదండి, కాలేజీ తోట చూసి వద్దాం" అంటే, మనవాళ్ళు ముందు ఆ మనిషి నుదుటిమీద చెయ్యి పెట్టి చూస్తారు, ఎండదెబ్బ తగిలిందేమోనని. మే 4 మొదలు 28 దాకా కత్తిరి ఎండ. కోట చుట్టూ ఉన్న కొండలు పొయ్యిమీద పెనాల్లా కాగుతూ ఉంటాయి. బడులకు తాళం. కాలేజీలకు తాళం. తోటమాలి కూడా మర్రినీడ వెతుక్కునే వేళ అది. ఆ నెలలో తోటల తలుపులు తెరిచి జనాన్ని పిలవడమనేది మన ఊహకు అందే విషయం కాదు.

సరిగ్గా ఆ నెలల్లోనే ఇంగ్లండులో ఆ పని చేస్తారు. వారికి మే, జూన్, జూలై పూలకాలం. ఏడాదిలో మిగతా రోజుల్లో గోడలవతల ఉండే ఇళ్ళ తోటలు, బడుల తోటలు, కాలేజీల తోటలు ఒక్కోటి ఒక్కో రోజున తలుపులు తీస్తాయి. చిన్న టికెట్టు కొనుక్కుని ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చు. ఈ ఆచారం ఎలా పుట్టిందో తెలుసుకుంటే మన వేలూరు వాళ్ళకు కొంచెం ఆశ్చర్యం కలుగుతుంది. అది పూలమీది మోజుతో పుట్టింది కాదు, నర్సుల జీతాల కోసం పుట్టింది. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, ఆస్పత్రికి రాలేని పేదల ఇళ్ళకే నర్సులను పంపే ఏర్పాటు చేశాడు. ఆ ఏర్పాటు దేశమంతా పాకింది. దానికి డబ్బు కావలసివచ్చినప్పుడు, 1926లో ఎల్సీ వాగ్ అనే ఆవిడ ఒక సలహా ఇచ్చింది. కలిగినవాళ్ళ తోటలు ఊరికే ఉన్నాయి కదా, ఒక్కరోజు తెరిచి మనిషికి ఒక షిల్లింగు పుచ్చుకుందామని. 1927 వేసవిలో 609 తోటలు తెరిచారు. ఎనిమిది వేల పౌన్లకు పైగా వచ్చాయి. రాజుగారు కూడా తన సాండ్రింగ్‌హాం తోట తెరిచాడు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కాలేజీల తోటలు ఈ వరసలో చేరాయి.

మనకు ఈ సంగతితో ఏం పని అనవచ్చు. పని ఉంది. తిరుత్తణి తెలుగు కుటుంబంలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వేలూరులో ఊరీసు కాలేజీలో చదివారు. జనం ఊరీసు అన్నా, బోర్డుమీద వూరీస్. ఆర్కాట్ మిషన్‌వారి ఆ సంస్థ 1898లో కాలేజీ అయింది. అక్కణ్ణుంచి ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. అది అప్పుడు జార్జిటౌన్ ఇరుకులో ఉండేది, తోట మాట దేవుడెరుగు. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి పొంది, ఆల్ సోల్స్ కాలేజీ సభ్యుడై, 1952 దాకా ఆ పదవిలో ఉన్నారు. అంటే తోటల తలుపులు తెరిచే ఆ ఆచారానికి తొమ్మిదేళ్ళు నిండే సమయానికి మన ఊరీసు విద్యార్థి ఒకరు ఆ గోడల లోపలివారయ్యారు. మరుసటి ఏడే, 1937లో, ఆయన చదివిన క్రిస్టియన్ కాలేజీ జార్జిటౌన్ వదిలి తాంబరం అడవి అంచుకు తరలిపోయింది. అక్కడ రసాయనశాస్త్రం చెప్పే ఎడ్వర్డ్ బార్న్స్, ఆయన భార్య ఆలిస్ కలిసి ఆ పొదల నేలను చెట్ల నేలగా మార్చారు. బార్న్స్ పాఠం రసాయనం, ప్రాణం మొక్కలు. ఒక అడవి మొక్కజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. ఇవాళ తాంబరం ఆవరణలో చల్లగా నడిచేవాళ్ళలో ఎంతమందికి ఆ దంపతుల పేరు తెలుసో!

వేలూరులో కథ ఇంకొక రకం. 1853లో స్కడ్డర్ సోదరులు ఆర్కాట్ మిషన్ మొదలుపెట్టారు. వారి బంగళాలు, బడులు, ఆస్పత్రులు అన్నీ "కాంపౌండు" లోపలే. మన భాషలోకి ఆ మాట వచ్చింది, గోడ అనే అర్థం తెచ్చిపెట్టుకుంది. కాంపౌండు లోపల చెట్లు, బావి, పూలమొక్కలు. బయట దుమ్ము. లోపలి తోట బయటివాడికి గోడమీదుగా కనిపించే కొమ్మ మాత్రమే. ఇందులో మిషన్‌వాళ్ళను మాత్రమే అనడానికి లేదు. మన జమీందారుల తోటలూ అంతే, మన అగ్రహారాల పెరళ్ళూ అంతే.

ఆ గోడ దాటి చెట్టు కిందికి వచ్చిన మనిషి ఐడా స్కడ్డర్. 1870లో రాణిపేటలో పుట్టిన ఆ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో షెల్ ఆస్పత్రి లేచింది. ఆస్పత్రికి రాలేని పల్లెలవాళ్ళ కోసం ఆమె వారానికి ఒకసారి గుడియాత్తం వెళ్ళేది. దారిలో జనం చెట్ల కింద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. బండి ఆగేది, అక్కడే కట్లు కట్టడం, అక్కడే మందు పోయడం. 1909లో ఒక చిన్న ఫ్రెంచి మోటారు వచ్చాక ఆ ప్రయాణం రివాజైపోయింది. రోడ్డు పక్క వైద్యం అనే పేరు దానికి నిలిచింది. అదే 1909లో నర్సుల శిక్షణ కూడా మొదలైంది, 1946లో నర్సింగ్ డిగ్రీ అయింది. ఇంగ్లండులో నర్సుల కోసమని తోట తెరిచారు. మన గుడియాత్తం రోడ్డులో డాక్టరూ నర్సూ కలిసి చెట్టు కిందికే వచ్చారు. ఆ నీడకు టికెట్టు లేదు, గేటు లేదు, నాటినవాడి పేరు కూడా లేదు.

1918లో ఆమె ఆడపిల్లలకు వైద్యపాఠశాల పెట్టింది. 1930ల మొదట్లో అది ఊరికి దక్షిణాన బాగాయం దగ్గర, కొండల నడుమ సుమారు రెండు వందల ఎకరాల చోటికి మారింది. బండరాళ్ళు, ముళ్ళకంప ఉన్న చోట రాతి భవనాలు కట్టారు. నడుమ నేలను పల్లంగా దించి ఒక తోట వేశారు. ఎండ దేశంలో పల్లపు తోట తెలివైన పని. గాలి పైనుంచి పోతుంది, తడి కింద నిలుస్తుంది. మన రైతులు చెరువు కింద తమలపాకు తోట వేసేదీ ఈ లెక్కతోనే.

ఇక బడితోటకు వద్దాం. కాలేజీ తోట వేరు, బడితోట వేరు. కాలేజీ తోట చూడ్డానికి, బడితోట చెయ్యడానికి. ఆ తేడాను మొదట గట్టిగా చెప్పినవాడు జర్మనీలో ఫ్రోబెల్. 1840లో తన పసిపిల్లల బడికి "పిల్లల తోట" అని పేరుపెట్టి, ప్రతి పిల్లకూ ఒక మడి, అందరికీ కలిపి ఇంకొక మడి ఇవ్వాలన్నాడు. ఆ పేరులోని తోట ఎటో పోయింది, ఎల్.కె.జి., యు.కె.జి. అనే పొడి అక్షరాలు మిగిలాయి. ఇవాళ ఆ అక్షరాల బడుల్లో చాలావాటికి మన్ను కనిపించదు, గచ్చు వేసి పచ్చరంగు చాప పరుస్తారు. 1901లో శాంతినికేతనంలో టాగోర్ చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టారు. 1937లో గాంధీగారి వార్ధా పథకం చేతిపనిని చదువు నడిబొడ్డున పెట్టింది. నూలు వడకడంతో పాటు తోటపని కూడా ఆ లెక్కలోదే. పాదుకు ఎన్ని కడవల నీళ్ళు, మడికి ఎన్ని విత్తనాలు, ఎన్ని మొలిచాయి, ఎన్ని చచ్చాయి, ఇదే గణితం.

ఆ ఆలోచన మన రాష్ట్రంలో వేరే రూపంలో వచ్చి పెద్ద గలాటా అయింది, ఆ గలాటాకు తీర్పు మన గుడియాత్తంలోనే చెప్పారు. ఈ ముక్క మన పిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. 1953లో రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండగా పల్లె బడుల వేళలు తగ్గించి, రోజుకు మూడు గంటల చదువు చాలన్నారు. మిగతా పూట పిల్లవాడు తండ్రి పని నేర్చుకోవాలి. చేతిపని గొప్పదన్న మాట పైకి బాగానే ఉంది. అయితే తండ్రి పని అంటే కులం పని. కుమ్మరి కొడుకు కుమ్మరి, చాకలి కొడుకు చాకలి. జనం దానికి కులవిద్యా పథకమని పేరు పెట్టారు, పెరియార్ ఊరూరా దుమారం లేపారు. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం విడిపోయింది. పక్కనున్న చిత్తూరు అటు, వేలూరు ఇటు. 1911 దాకా చిత్తూరే ఉత్తర ఆర్కాటుకు జిల్లా కేంద్రమని, వేలూరు దాని కింది ఊరని గుర్తున్న పెద్దలు అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయి కామరాజు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పథకం రద్దయింది. కామరాజు శాసనసభలో లేరు కాబట్టి ఎన్నిక కావాలి. ఆయన ఎంచుకున్న ఊరు గుడియాత్తం. మగ్గాలవాళ్ళు, అగ్గిపెట్టెలవాళ్ళు, బీడీలవాళ్ళు, తెలుగూ తమిళమూ ఉర్దూ కలగాపులగంగా మాట్లాడే ఊరు. పెరియార్, అణ్ణాదురై కూడా ఆయనకే మద్దతిచ్చారు. గుడియాత్తం ఆయన్ను గెలిపించింది.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న తండ్రి "నా కొడుకు ఇందులోకి దిగనక్కర్లేదు" అనుకున్నాడంటే దాన్ని అర్థం చేసుకోవాలి. నేటికీ బడిలో పిల్లలచేత మొక్కలకు నీళ్ళు పోయిస్తే "మా పిల్లోణ్ణి చదువుకు పంపామా, కూలికి పంపామా" అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఆ ప్రశ్న వెనక 1953 ఉంది. అయ్యవారు దానికి కోపగించుకోకూడదు. తోటపని అందరి పిల్లలూ చేస్తే చదువు, కొందరి పిల్లలే చేస్తే కూలి. బడితోట నడిపిన ప్రతి అయ్యవారూ ముందు చూసుకోవలసింది, పార ఎవరి చేతిలో ఉంది, హాజరుపట్టీ ఎవరి చేతిలో ఉంది అని.

కామరాజు కాలంలో బడికి తోట వేరే దారిలో వచ్చింది, అన్నం దారిలో. 1956లో రాష్ట్రమంతటా మధ్యాహ్న భోజనం మొదలైంది. దీనికి ముందు 1920లోనే మద్రాసు నగరసభ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి గారు, మన దేవాంగ తెలుగు కుటుంబంవారు, థౌజండ్ లైట్స్‌లో నగరసభ బడి పిల్లలకు అన్నం పెట్టించారు. కామరాజు దాన్ని పల్లెలకు తెచ్చారు. అన్నానికి సర్కారు కొంత, ఊరు కొంత. ఊళ్ళోవాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వాలి. 1958 నుంచి విద్యాశాఖ డైరెక్టరు నె. తు. సుందరవడివేలు గారు బడుల అభివృద్ధి మహానాడులు నడిపించారు. మొదటిది కడంబత్తూరులో. ఇవి మన చరిత్రలో నిజమైన బడి తెరిచే రోజులు. ఆ రోజున ఊరంతా బడి ఆవరణలోకి వచ్చేది. ఒకరు నాలుగు బెంచీలు, ఒకరు గోడగడియారం, ఒకరు నల్లబల్ల, ఒకరు బావి తవ్వకం ఖర్చు, భూమి ఉన్నవాడు ఒక చెక్క నేల. ఇచ్చినదాన్ని పళ్ళేల్లో పెట్టి మేళతాళాలతో ఊరేగించి తెచ్చేవాళ్ళు, పెళ్ళిసారె తెచ్చినట్టు. ఇంగ్లండు తోటకు వచ్చినవాడు షిల్లింగు ఇచ్చి పూలు చూసి వెళ్ళాడు. మన బడికి వచ్చినవాడు బావే ఇచ్చి వెళ్ళాడు. బావి వచ్చాకే బడిలో తోట అనే మాటకు అర్థం వచ్చింది.

1950లో కేంద్రమంత్రి మున్షీ గారు మొదలుపెట్టిన వనమహోత్సవం సంగతి ఒక మాటలో తేల్చేస్తాను. అది జూలైలో. మన వైపు జోరువాన ఆగస్టు దాటాకే. పెద్దమనిషి వచ్చి, మొక్క నాటి, ఫొటో దిగి వెళ్ళిన చోటే మరుసటి ఏడు మళ్ళీ గుంట తీసేవాళ్ళు, మన్ను మెత్తగా ఉంటుందని.

నీళ్ళ విషయం ఇక్కడ చెప్పాలి. మన బడుల తోటలు ఏ నీళ్ళమీద బతుకుతాయి? బోరింగు నీళ్ళని కాగితంమీద రాస్తారు. నిజానికి చాలా బడుల్లో మధ్యాహ్నం పిల్లలు చేతులు, కంచాలు కడుక్కున్న నీళ్ళే తోటకు ఆధారం. కడిగే చోటినుంచి చిన్న కాలువ తీస్తారు, అది అరటిపాదు చుట్టి, బొప్పాయి చుట్టి, మునగ దగ్గర ఇంకిపోతుంది. వంద మంది పిల్లలు తింటే వంద కంచాల నీళ్ళు. అంటే పిల్లవాడు తింటేనే మొక్క తాగుతుంది. 1982 జూలైలో ఎం.జి.ఆర్. సత్తువ భోజన పథకం వచ్చాక ఈ కాలువలు పెరిగాయి. 2019లో కేంద్రం బడుల్లో పోషక తోటలు వెయ్యమని మార్గదర్శకాలు పంపింది. 2022 సెప్టెంబరు నుంచి తమిళనాట ప్రాథమిక పాఠశాలల్లో పొద్దుటి పలహారం కూడా మొదలైంది, అంటే ఇంకో పూట కడుగునీళ్ళు. ఇదంతా మంచికే. కాని ఏప్రిల్ చివర పరీక్ష ముగిసి చివరి పిల్లవాడు కంచం కడిగి వెళ్ళిపోయాక, జూన్‌లో మళ్ళీ వచ్చేదాకా ఆ కాలువలో చుక్క ఉండదు. కత్తిరి ఎండ సరిగ్గా ఆ సందులో వచ్చిపడుతుంది. పది నెలల తోట ఆరు వారాల్లో ఎండిపోతుంది. అయ్యవార్లు జూన్‌లో మొదట చేసే పని ఎండిన కంప పీకి పారెయ్యడం. ఏటా ఇదే. తోట వెయ్యడానికి పథకాలున్నాయి, మే నెలలో నీళ్ళు పొయ్యడానికి ఏ పథకమూ లేదు. మన బడితోటల చరిత్ర అంతా ఆ ఆరు వారాలలోనే ఉందని నా అభిప్రాయం. ఎవరి దగ్గర గేటు తాళంచెవి ఉంది, వాళ్ళు దాన్ని ఊరికి ఇచ్చారా లేదా అన్నదే దాని సారం.

ఇచ్చినచోట ఏమైందో చూడాలంటే మదనపల్లె వైపు వెళ్ళాలి. మనలో సగంమందికి అటువైపు చుట్టరికాలున్నాయి కనుక కొత్త దారి కాదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. 1920ల మధ్యలో ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను చూసి ఇక్కడ విద్యాలయం ఉండాలన్నారు. రిషికొండ కింద ఉన్నందువల్ల దానికి రిషీవ్యాలీ అని పేరు. 1930ల మొదట్లో బడి అక్కడికి వచ్చింది. అది వానచాటు నేల, రాయలసీమ అంచు. కొండలు బోడి, వాన పడితే మన్నంతా కొట్టుకుపోయేది. ఆ బడివాళ్ళు చేసిన పని చూడ్డానికి సాదాగా ఉంటుంది. కొండవాలులో మేత, కట్టెల నరుకుడు ఆపించారు, వాగులకు అడ్డుకట్టలు వేశారు, నీళ్ళు ఇంకే గుంటలు తవ్వారు, మొక్కలు నాటారు. ఒకటి రెండేళ్ళు కాదు, పదుల ఏళ్ళు. పిట్టలు తిరిగి వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల రక్షణ ప్రదేశంగా ప్రకటించుకున్నారు. రెండు వందలకు పైగా జాతుల పిట్టలను అక్కడ లెక్కపెట్టారు.

అది డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే బడి కదా అని మీరనవచ్చు. నిజమే. మర్రి కింద చదువు అందరికీ దొరికే చదువు కాదు. అందుకే నాకు ఆ లోయకంటే దాని చుట్టుపక్కల పల్లెల్లో వాళ్ళు పెట్టిన చిన్నబడులమీద గౌరవం ఎక్కువ. ఒకే అయ్యవారు, ఒకే గది, అయిదు తరగతులు. తెలుగులో, ఆ పల్లె మాటలతో, చిన్న చిన్న అట్టముక్కలమీద పాఠాలు. ఊరివాళ్ళు కలిసి బడిచుట్టూ చెట్లు పెంచుకున్నారు. తల్లులను బడికి పిలిచి మెట్రిక్ మేళాలు పెట్టారు. అమ్మ కూరగాయలు తెస్తుంది, పిల్ల తూకం వేస్తుంది, చుట్టుకొలత కొలుస్తుంది, లెక్క కడుతుంది. చదువురాని తల్లి తన పిల్ల చదువును కళ్ళారా చూసేది ఆ రోజున.

ఈ పద్ధతి కొండ దిగి మన జిల్లాకు వచ్చింది, ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన ముచ్చట. 1990ల చివర్లో వేలూరు కలెక్టరుగా ఉన్న ఎం. పి. విజయకుమార్ గారు అప్పు కింద కుదువపెట్టిన పిల్లలను పనుల్లోంచి విడిపించి బడులు పెట్టించినప్పుడు, మామూలు బడి పద్ధతి ఆ పిల్లలకు పనికిరాదని రిషీవ్యాలీ పద్ధతిని తెప్పించారు. తర్వాత ఆయన చెన్నై నగరసభకు వెళ్ళి 2003లో 13 బడుల్లో దాన్ని మొదలుపెట్టారు. 2007-08కి అది తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ పాకింది. తెలుగు పల్లెలో తెలుగు అట్టముక్కలతో పుట్టిన పద్ధతి, బీడీలు చుట్టిన పిల్లల చేతిమీదుగా, తమిళదేశమంతా నడిచింది. భాషల గొడవలు మాట్లాడేవాళ్ళు రెండువైపులా ఈ సంగతి ఎత్తరు.

భాష అన్నాను కాబట్టి ఒడుగత్తూరు. వేలూరు నుంచి అణైకట్టు మీదుగా జవ్వాది కొండల మొదటికి పోయే దారిలో ఉన్న ఊరు. శుక్రవారం మేకల సంతకు పేరు. సంతలో బేరం సగం తెలుగు, సగం తమిళం. ధర మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. మేకలు కాసిన ఇంటి పిల్లవాడికి ఆకులు తెలుసు. ఏది మేక తింటుంది, ఏది తింటే కడుపుబ్బుతుంది, ఏది పాలు పెంచుతుంది, చూపుతోనే చెబుతాడు. ఆ పిల్లవాడు బడికి వచ్చి "మొక్కల భాగములు" అనే పాఠంలో సున్నా తెచ్చుకుంటాడు. బడి ఆవరణలో ఆ మొక్క ఉంటే, వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి పేరడిగితే, అయ్యవారే వాడి దగ్గర పాఠం నేర్చుకోవచ్చు.

పేర్లు చిన్న విషయం కావు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ తోట వేసి, అక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లన్నీ రాసుకున్నాడు. 1793లో కలకత్తా వెళ్ళాడు. 1795 నుంచి కోరమండలం మొక్కలమీద ఆయన బొమ్మల గ్రంథం వెలువడింది. మన సోమిద చెట్టుకు శాస్త్రనామం నేటికీ సోయ్‌మిడా. అంటే ఎవరో తెలుగు కూలిమనిషి నోట అన్న మాట ప్రపంచమంతటా మొక్కల పుస్తకాల్లో ఉంది. ఆ మనిషి పేరు లేదు, ఆ మాట ఉంది. మన పిల్లలకు ఇప్పుడు ఆ మాటే లేదు.

2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2016 నాటికి పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లలు కోర్టులకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకోవలసివచ్చింది. ఆ వాదాలు ఈ పత్రికల్లో చాలా జరిగాయి, నేను మళ్ళీ ఎత్తను. తమిళం నేర్చుకోవడంలో నష్టం లేదు, ఈ గాలిలో పెరిగినవాడికి అది రాకుండా ఉండదు కూడా. నా బాధ వేరు. పాఠ్యపుస్తకంలో పోయిన తెలుగు ఇంటిలో ఉంటుందనుకున్నాం. ఇంటిలో వంటగది మాటలుంటాయి, పెరడు మాటలుండవు, ఎందుకంటే పెరడే లేదు. కానుగ అన్నా పుంగై అన్నా ఒకే చెట్టని మన తరానికి తెలుసు. తంగేడు ఆవారం, మోదుగ పురసు, పొగడ మగిళం, అవిసె అగత్తి, పుల్లటి గోంగూర పుళిచ్చకీరై. అరవైఏళ్ళవాడికి రెండూ వస్తాయి, ముప్ఫైఏళ్ళవాడికి ఒకటి వస్తుంది, పదేళ్ళవాడు రెండూ ఎరక్క "ట్రీ" అంటాడు. ఈ విషయంలో తమిళపిల్లవాడూ మన పిల్లవాడూ ఒకే బెంచీమీద కూర్చున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, మే నెలకు, తిరిగి వెళదాం. మే నెలలో మన తోటల్లో చూడ్డానికి ఏమీ లేదనుకోవడం పొరపాటు. పూలమొక్క మాడినా పూలచెట్టు మాడదు. రేల చెట్టు ఆకు రాల్చి పసుపుగుత్తులు దించేది ఆ ఎండలోనే. తురాయి ఎర్రగా మండేది అప్పుడే, అది మడగాస్కర్ నుంచి వచ్చిన చుట్టమైనా మన ఎండను మనకంటే బాగా ఓర్చుకుంది. కానుగ లేతాకు వేసి నీడ ఇచ్చేది, వేప కాయ పండేది ఆ రోజుల్లోనే. ఇక జనం ఎండకు బయటికి రారనడానికీ వీల్లేదు. మే నడిమధ్యన గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగినప్పుడు కౌండిన్య ఒడ్డున ఎంత జనమో చూసినవాళ్ళకు తెలుసు. చిత్తూరు, పలమనేరు వైపునుంచి కూడా వస్తారు. పిలిచేవాళ్ళుంటే, వచ్చాక కూర్చోను నీడ, తాగను నీళ్ళుంటే, మనవాళ్ళు కత్తిరిలోనూ కదులుతారు.

కనుక బడి సెలవుల్లో, గంగమ్మ జాతర దాటిన వారంలో, ఒక పొద్దుటి పూట, ఏడు నుంచి తొమ్మిది దాకా, బడి గేటు తీసి ఊరివాళ్ళను పిలవడం అసాధ్యమేమీ కాదు. వచ్చేవాళ్ళు షిల్లింగు తేనక్కర్లేదు, ఒక్కో బిందె నీళ్ళు తెస్తే చాలు. ముసలమ్మలను చెట్టు చెట్టు దగ్గరికీ నడిపించి, "అవ్వా, దీన్నేమంటారు" అని పిల్లలచేత అడిగించి, ఆమె చెప్పింది రేకుముక్కమీద రెండు లిపుల్లోనూ రాయించి కట్టించాలి. రేకుకు, రంగుకు అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ బ్యానరుకయ్యే దానికంటే తక్కువే. రేల అని రాసి కింద కొన్రై. నందివర్ధనం అని రాసి కింద నందియావట్టై. మందారం అని రాసి కింద సెంబరుత్తి. గేటు పక్కన కనకాంబరం మడి ఉంటే దానికి మాత్రం రెండు పేర్లు అక్కర్లేదు, లిపులు రెండైనా మాట ఒక్కటే.